రొయ్యల బల్ల ఎత్తు

ఆమె మూడోసారి మా గదికి వచ్చినప్పుడు, ఫైలు తెరవకుండానే, "ఎక్సర్‌సైజులు చేయట్లేదు కదూ?" అన్నాను.

బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పని చేస్తున్నాను. మెడ నొప్పి, నడుం నొప్పి, పక్షవాతం, విరిగి అతికిన కాళ్లు, ఇవీ నా రోజులు. రెండుసార్లు చూసినా భుజం నొప్పి తగ్గలేదంటే తప్పు రోగిదేనని అప్పట్లో గట్టిగా నమ్మేదాన్ని.

ఆమె బల్ల అంచున కూర్చుని, కుడి చేతిని ఎడం చేత్తో పట్టుకుని ఉంది. నలభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. కోడూరు అవతల సముద్రం పక్క ఊరు. భర్త వేటకి వెళ్తాడు. తను రొయ్యల ప్లాంటులో రొయ్యల తలలు తీసి, పొట్టు వలిచే పనిలో ఉంది.

"చేస్తున్నానండి. పొద్దున పది, సాయంత్రం పది. మీరు చెప్పినట్టే గోడ మీద వేళ్లు పాకిస్తున్నాను. మా ఆయన నవ్వుతున్నాడు, బల్లిలాగా ఏంటే అని."

"మరి తగ్గాలిగా?"

"ఎలా తగ్గుద్దండి? పొద్దునకీ సాయంత్రానికీ మధ్యలో పనుందిగా."

నేను ఫైలు తెరిచాను. ఆమె మాత్రం ఆగలేదు.

"నా భుజం మూడుసార్లు చూశారు. మా బల్ల ఒక్కసారి చూడండి డాక్టరమ్మా. అక్కడ నాలాంటోళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. అందరూ బస్సెక్కి మీ దగ్గరికి రాలేరుగా."

ఆ మాటకి నాకు కొంచెం కోపం వచ్చింది. నా గదిలో కూర్చుని నాకే పని నేర్పుతోందనిపించింది. కానీ ఇంటికి వెళ్లాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. అప్పటికి కొన్ని నెలల ముందే నేను ఎర్గోనమిక్స్‌లో ఒక కోర్సులో చేరాను. మనిషిని పనికి తగ్గట్టు వంచకుండా, పనినే మనిషికి తగ్గట్టు సర్దడం ఆ శాస్త్రం. పుస్తకాలు తిరగేస్తున్నాను, పరీక్షలు రాస్తున్నాను. ప్రాజెక్టు కోసం ఏదో ఒక ఆఫీసులో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లని చూద్దామనుకున్నాను. మా ఇంట్లో అందరూ టీచర్లూ గుమాస్తాలే కాబట్టి, పని అంటే నాకు ముందు కుర్చీయే గుర్తొచ్చేది.

మర్నాడు ఆమెకి ఫోన్ చేసి, "మీ మేనేజరు గారి నంబరు ఇస్తారా అమ్మా?" అని అడిగాను.

మేనేజరు గారిది గుడివాడ. మర్యాదగానే మాట్లాడారు గానీ భయపడ్డారు. నేను ఏ కార్మిక శాఖ నుంచో, ఏ పేపరు నుంచో వస్తున్నానేమో అని అనుమానం. మా ప్రొఫెసరు గారు ఫోన్ చేసి, ఇది చదువు కోసమేననీ, ప్లాంటు పేరు ఎక్కడా రాయబోమనీ మాటిచ్చాక ఒప్పుకున్నారు.

"అయితే ఒక షరతండి. పని ఆగకూడదు."

"నేనూ చేస్తానండి, ఆగకుండా" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. ఆయన నవ్వేశారు.

ఒక సోమవారం పొద్దున్నే బందరులో బస్సెక్కి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటాను. అక్కణ్నుంచి ఆటో. దారికి రెండు పక్కలా రొయ్యల చెరువులు, వాటిలో నీళ్లకి గాలి పట్టిస్తూ గిరగిరా తిరిగే ఏరియేటర్లు. ప్లాంటు గేటు దగ్గర ఆమె నాకోసం నిలబడి ఉంది. గౌను, టోపీ, మాస్కు, మోకాళ్ల దాకా గమ్ బూట్లు నాకు తనే తొడిగింది. అవన్నీ వేసుకున్నాక అక్కడ ఎవరు ఎవరో కళ్లని బట్టే గుర్తుపట్టాలి.

లోపల చలి. పొడవాటి స్టీలు బల్లలు, ఒక్కో బల్లకి అటు పదిమంది, ఇటు పదిమంది ఆడవాళ్లు. మధ్యలో ఐసులో రొయ్యల గుట్ట. ఎడం చేత్తో రొయ్యని పట్టుకోవడం, కుడి బొటనవేలితో తల విరవడం, పొట్టు లాగడం, టబ్బులో వేయడం. నేను ఒక రొయ్య వలిచేలోపు పక్కనున్నావిడ అయిదు వలిచింది. గంట తిరిగేసరికి నా వేళ్లు నావి కావు. మధ్యాహ్నానికి మణికట్టు గుంజేసింది.

కానీ సాయంత్రం బస్సులో కూర్చుని ఆలోచిస్తే ఒక విషయం తట్టింది. నా వేళ్లు నొప్పి, మణికట్టు నొప్పి, పాదాలు నొప్పి. భుజం మాత్రం నొప్పి లేదు. నడుమూ బాగానే ఉంది. ఎందుకంటే ఆ బల్ల నాకు సరిగ్గా సరిపోయింది. నా మోచేతికి కొంచెం కింద ఉంది, ఎలా ఉండాలో అలా. నాకంటే జానెడు పొట్టిగా ఉన్న ఆమెకి అదే బల్ల దాదాపు రొమ్ముదాకా వస్తుంది. రోజంతా రెండు భుజాలూ ఎగరేసి పని చేయాలి. ఆమె పక్కనే నిలబడి వలిచే తోటికోడలు నాకంటే పొడుగు, ఆవిడ అదే బల్ల మీద రోజంతా వంగాలి. ఒకరికి భుజం, ఒకరికి నడుం. గోడ మీద వేళ్లు పాకిస్తే ఇదెలా తగ్గుతుంది?

ఆ రోజు నుంచి ఆమెని అక్కా అని పిలవడం మొదలుపెట్టాను.

తర్వాతి వారం కొలతలు. ఒక్కొక్కరి మోచేతి ఎత్తు కొలిచాను, ఫోటోలు తీశాను, భుజం ఎంత లేస్తోందో, నడుం ఎంత వంగుతోందో గీతలు గీసుకున్నాను. నొప్పి ఎక్కడెక్కడ ఉందో చెప్పమంటే అందరూ "ఒళ్లంతానండి" అన్నారు. అప్పుడు అక్కే ఒక ఉపాయం చెప్పింది. కాగితం మీద మనిషి బొమ్మ గీసి గోడకి అంటించమంది. డ్యూటీ దిగి బట్టలు మార్చుకునే గదిలో, ఎవరికి ఎక్కడ నొప్పి ఉంటే అక్కడ ఒక బొట్టుబిళ్ల అంటించాలి. మూడో రోజుకి ఆ బొమ్మకి భుజాలు కనపడలేదు. ఎర్రగా, మెరూనుగా, బిళ్ల మీద బిళ్ల.

నేను వేసిన మొదటి ప్రణాళిక ఘోరంగా దెబ్బతింది. నిలబడి నిలబడి కాళ్లు లాగుతున్నాయి కదా అని ఎత్తు స్టూళ్లు సూచించాను. మేనేజరు గారు ఒక బల్లకి తెప్పించారు. వారం తర్వాత వెళ్లి చూస్తే ఒక్కరూ కూర్చోలేదు. స్టూళ్ల మీద టబ్బులు పెట్టుకున్నారు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "ఎందుకు కూర్చోవట్లేదక్కా?"

"బల్ల కింద పైపుంది కదండీ, మోకాలు కొట్టుకుంటంది. పైగా నీళ్లన్నీ ఒళ్లో కారతన్నాయి."

ఆ పైపు నేను రోజూ చూశాను. కూర్చుని మాత్రం ఒక్కసారీ చూడలేదు.

"అయినా స్టూళ్లు వద్దనకండి" అంది అక్క. "టబ్బు ఇదివరకు కింద ఉండేది. నిండినప్పుడల్లా నేల దాకా వంగి ఎత్తేవాళ్లం. ఇప్పుడు నడుం దగ్గరే ఉంది. మా తోటికోడలు ఆ మాటే అంటంది, రెండ్రోజుల్నుంచి నడుం కొంచెం తేలిగ్గా ఉందని."

నేను కూర్చోవడానికి ఇచ్చినదాన్ని వాళ్లు టబ్బుకి పీటగా మార్చుకున్నారు. నేను ఓటమి అనుకున్నది వాళ్లు అప్పటికే బాగుచేసుకున్నారు. నోట్‌బుక్‌లో ఆ రోజు రాసుకున్న పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. "ముందు అడగాలి, తర్వాత కొలవాలి" అని పెద్ద అక్షరాలతో.

రాసుకున్నాను గానీ పాటించలేదు. రెండో ప్రణాళికా నా బుర్రలోంచే వచ్చింది. ఎత్తుని బట్టి మనుషుల్ని మార్చి నిలబెట్టాలని. పొడుగువాళ్లంతా ఒక బల్ల, పొట్టివాళ్లంతా ఒక బల్ల, వాళ్లు కుదురుకున్నాక ఒక్కో బల్లకి ఒక్కో ఎత్తు. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో. మేనేజరు గారికి కూడా తెగ నచ్చింది.

రెండు రోజులు కూడా నిలవలేదు. ఆ షెడ్డులో ఆడవాళ్లు ఊరి వాళ్లు ఊరి వాళ్లతో, అక్కచెల్లెళ్లు పక్కపక్కన నిలబడతారు. చేతులు వాటంతటవే ఆడుతుంటే మాటలు నడుస్తాయి. ఎవరింట్లో ఏం వండారో, ఎవరి మొగుడి పడవ ఇంకా తిరిగి రాలేదో, ఎవరి కూతురికి ఇంటర్‌లో ఏ గ్రూపో. నేను వాళ్లని ఎత్తు ప్రకారం విడగొట్టేసరికి షెడ్డు మూగబోయింది. పని కూడా మందగించింది. రెండో రోజు మధ్యాహ్నం అందరూ చెప్పాపెట్టకుండా ఎవరి పాత చోటికి వాళ్లు వచ్చేశారు.

సూపర్‌వైజరు కేకలేయబోతే అక్క నా వైపు తిరిగింది. మాస్కు పైన కళ్లలో కోపం లేదు, అలసట ఉంది.

"డాక్టరమ్మా, మా తోటికోడలు పక్కన లేకపోతే నాకు పొద్దు గడవదండి. మమ్మల్ని కదపకండి. మా కాళ్ల కిందది కదపండి."

"అంటే?"

"బల్లని మాలో పొడుగ్గా ఉన్నామెకి సరిపోయేట్టు పైకి లేపండి. మిగతావాళ్ల కాళ్ల కింద ఏదోకటి వేయండి. నాకు పెద్దది, నాకంటే పొడుగామెకి చిన్నది. ఎవరి చోట వాళ్లుంటాం."

నేను చదువుతున్న పాఠంలో ఈ సూత్రం ఉంది. పరీక్షలో రాశాను కూడా. పొడుగు మనిషికి బల్ల, పొట్టి మనిషికి మెట్టు. కానీ ఆ పేజీకీ ఈ షెడ్డుకీ సంబంధం ఉందని నాకు తోచలేదు. ఆమెకి తోచింది.

ఇక పని మొదలైంది. బల్ల కాళ్లకి ఎత్తు మార్చే మరలు ఉన్నాయి గానీ ఉప్పునీటికి తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. ఫిట్టరు రెండు రోజులు కష్టపడి కొత్తవి వేశాడు. నేను బందరులో వడ్రంగి దగ్గర చెక్క పీటలు చేయించి ఆటోలో వేసుకెళ్లాను. గేటు దగ్గరే క్వాలిటీ ఆఫీసరమ్మాయి ఆపేసింది.

"మేడమ్, చెక్క లోపలికి రాకూడదండి. తడి పీలుస్తుంది, సూక్ష్మక్రిములు చేరతాయి. ఆడిట్‌లో మా ప్రాణం తీస్తారు."

ఆమె చెప్పింది నిజం. ఆహారం తయారయ్యే చోటికి చెక్క తీసుకెళ్తున్నానన్న ఆలోచనే నాకు రాలేదు. పీటలు గేటు బయటే పెట్టి, తల వంచుకుని ఆ అమ్మాయి వెంట లోపలికి వెళ్లాను. సంగతి విని అక్క షెడ్డంతా ఒకసారి కలయజూసింది. తర్వాత కోల్డ్‌స్టోరేజీ తలుపు వైపు చెయ్యి చూపించింది. అక్కడ అట్టపెట్టెలు నేలకి తగలకుండా కింద పరిచే ప్లాస్టిక్ పలకలు దొంతరగా ఉన్నాయి. నీళ్లు కారిపోయేలా మధ్యలో చిల్లులు.

"అవి రోజూ లోపలే ఉంటన్నాయిగా. వాటికి ఆడిట్ లేదా?"

క్వాలిటీ అమ్మాయి నవ్వింది. "వాటికేం అభ్యంతరం లేదండి. కడగొచ్చు."

పలకల్ని కోసి, ఒకటి మీద ఒకటి బిగించి మూడు ఎత్తుల్లో చేశాం. ఎవరిది ఏదో తెలియడానికి అంచున గాట్లు పెట్టాం. ఒక గాటు, రెండు గాట్లు, మూడు గాట్లు. అక్కది మూడు గాట్ల పలక. మొదటి రోజు దాని మీదకి ఎక్కి, చేతులు బల్ల మీద ఆన్చి, భుజాలు దించి, "అమ్మయ్య" అంది. ఒక్క మాటే.

అదే రోజు మధ్యాహ్నం ఒకామె దిగబోతుంటే పలక తడి నేల మీద జారింది. ఆమె బల్ల అంచు పట్టుకుంది కాబట్టి సరిపోయింది, మోకాలు మాత్రం గీసుకుపోయింది. ఇది నా వల్లే జరిగింది. ఆమె కింద పడి చెయ్యి విరిగి ఉంటే? మేనేజరు గారు "ఇక చాలండి" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేదు.

ఆ మోకాలికి నేనే మందు రాశాను. రాస్తుంటే ఆమే అంది, "ఆపకండమ్మా. కింద రబ్బరేస్తే జారదు. మా ఇంట్లో రోలు కింద పాత ట్యూబు ముక్కే వేశాను."

మేనేజరు గారు నా మాట కాదు, ఆమె మాట విన్నారు. పలకల కింద మందపాటి రబ్బరు బిగించాం. అంచుకి పసుపు రంగు వేయించాం. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు బల్ల పట్టుకోవాలని అక్కే అందరికీ పదేపదే చెప్పింది. ఆ తర్వాత నాకు తెలిసి ఎవరూ జారలేదు.

రెండు నెలలయ్యాక గోడ మీద కొత్త బొమ్మ అంటించాం. బిళ్లలు అంటించమని మళ్లీ అడిగాం. అంటిస్తున్నప్పుడు నేను గదిలోకి వెళ్లలేదు. నేనుంటే మొహమాటానికి తక్కువ పెడతారని అక్క హెచ్చరించింది. చివరి రోజు సాయంత్రం వెళ్లి చూస్తే, బొమ్మకి భుజాలు కనిపిస్తున్నాయి. అక్కడక్కడ బిళ్లలున్నాయి, నడుం దగ్గర కొన్ని, కానీ కాగితం తెల్లగా కనిపిస్తోంది. మణికట్టు దగ్గర మాత్రం ఏమీ మారలేదు, మొదటి బొమ్మలో ఉన్నంత ఎర్రగానే ఉంది. అక్కడ మేం ఏమీ చేయలేకపోయాం. రొయ్య తల విరవడానికి ఇంకో దారి మాకెవరికీ దొరకలేదు. ఆ మాట నా రిపోర్టులో దాచకుండా రాశాను. భుజాల సంగతి ఎంత గర్వంగా రాశానో, మణికట్టు సంగతీ అంత స్పష్టంగా.

మేనేజరు గారు మిగతా బల్లలన్నిటికీ పలకలు చేయించారు. "సెలవులు తగ్గాయండి" అన్నారు. ఆయనకి అదే లెక్క. ఎవరి లెక్క వాళ్లది, పలకలు మాత్రం పడ్డాయి.

ఆ ఏడాదే గుడివాడ ఇంజనీరింగ్ కాలేజీలో మా ప్రొఫెసరు గారు ఒక సభ పెట్టారు. ఫ్యాక్టరీల వాళ్లు, ఆసుపత్రుల వాళ్లు, విద్యార్థులు. నన్ను మాట్లాడమన్నారు.

"నాతోపాటు ఇంకొకరు మాట్లాడతారు సర్" అన్నాను.

"ఎవరండి?"

"ఆ పని ఎవరు చేశారో వాళ్లే."

అక్క ముందు ససేమిరా అంది. తర్వాత తోటికోడలు కూడా వస్తేనే అంది. ఇద్దరూ పెళ్లికి వెళ్తున్నట్టు పట్టుచీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చారు. ముందు వరసలో కూర్చున్నారు. నేను నా స్లైడ్లు చూపించి, ఫోటోలు, గీతలు, బొట్టుబిళ్లల బొమ్మలు వివరించి, ఆమెని వేదిక మీదకి పిలిచాను.

ఆమె మెట్లెక్కి మైకు ఉన్న పెద్ద చెక్క స్టాండు వెనక్కి వెళ్లింది. అంతే, కనపడలేదు. కొప్పులో పూలు మాత్రం కనిపిస్తున్నాయి. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంతమంది ఎర్గోనమిక్స్ చదివినవాళ్లం ఉన్నాం, ఆ స్టాండు ఆమెకి ఎంతెత్తో ముందుగా ఒక్కరమూ చూడలేదు. నాతో సహా.

ఆమె పక్కకి జరిగి బయటికి వచ్చింది. సిగ్గుపడలేదు. హాలు మొత్తాన్నీ ఒకసారి చూసి, గట్టిగా, మైకు లేకుండానే అడిగింది.

"ఎక్కడానికి ఏవన్నా ఉందాండి?"

విద్యార్థులు ఇద్దరు పరిగెత్తుకెళ్లి మంచినీళ్ల సీసాలు పెట్టే ప్లాస్టిక్ క్రేటు తెచ్చి బోర్లించారు. ఆమె కాలితో నొక్కి చూసింది, జారుతోందా లేదా అని. తర్వాత ఎక్కింది. మైకు సరిగ్గా నోటి ముందుకి వచ్చింది.

"మేం చేసింది ఇదేనండి" అంది.

నవ్విన హాలే చప్పట్లు కొట్టింది. ఆమె మాట్లాడింది అయిదారు నిమిషాలే. స్టూళ్ల సంగతి, చెక్క పీటల సంగతి, నా తప్పులన్నీ ఒక్కటి వదలకుండా చెప్పింది. నేనూ నవ్వాను. ప్రశ్నల సమయంలో ఒక పెద్దాయన లేచి, "ఎత్తులు మూడే ఎందుకు పెట్టారమ్మా? అయిదు పెట్టొచ్చుగా?" అని అడిగారు.

"పెట్టొచ్చండి. కానీ డ్యూటీ మారేటప్పుడు అయిదు రకాలు వెతుక్కుంటా కూర్చుంటే బస్సు వెళ్లిపోద్ది. మూడైతే టక్కున దొరుకుతాయి."

ఆయన తలూపి రాసుకున్నారు. పట్టుచీరలో క్రేటు మీద నిలబడిన ఆమెని, ఆమె మాటలు రాసుకుంటున్న అంతమందిని చూస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నో చేతులు లేపించాను, ఎందరినో నడిపించాను. అంతగా ఎప్పుడూ గర్వపడలేదు. రిపోర్టు అచ్చయినప్పుడు రాసినవాళ్ల పేర్లలో ఆమె పేరు ముందుండాలని పట్టుబట్టాను. ప్రొఫెసరు గారు కాసేపు తటపటాయించి, సరేనన్నారు. ఆమె పదో తరగతి చదివే కూతురు ఆ పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో స్టేటస్ పెట్టుకుంది.

సభలో మా ఆసుపత్రి సూపరింటెండెంటు గారు కూడా ఉన్నారు. తిరిగి వచ్చేటప్పుడు కారులో, "మన వార్డుల్లో నర్సులకి నడుం నొప్పులని సెలవులు పెడుతున్నారు కదా, అక్కడ కూడా ఏదన్నా చూడకూడదా?" అన్నారు. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లుగా వాళ్లు నా గదికే వచ్చి నడుం నొప్పికి కరెంటు పెట్టించుకుని వెళ్తున్నారు. నేను ఎప్పుడూ వాళ్ల వార్డుకి వెళ్లి నిలబడలేదు.

మర్నాడు పొద్దున డ్యూటీ మారే వేళకి మగవాళ్ల వార్డుకి వెళ్లాను. టేపు, కెమెరా ఏమీ తీసుకెళ్లలేదు. సీనియర్ సిస్టరు ఒక్కరే, కాలు విరిగిన ఒక భారీ మనిషిని పక్కకి తిప్పుతున్నారు. మంచం ఆవిడ మోకాళ్ల ఎత్తున ఉంది.

"ఏంటండీ, ఇలా వచ్చారు?" అన్నారు.

"ఏం లేదండి" అని చేతులు కడుక్కుని, మంచం అవతలి వైపుకి వెళ్లాను. "నేనూ ఓ చెయ్యి వేస్తాను. ఎలా తిప్పాలో మీరు చెప్పండి."